మెదడు స్కానులో మన సుబ్బారావు గారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగితే, నా వృత్తిలో తరచూ తలుచుకునే ఒక మహనీయుని గురించి రాయాలనిపించింది. నూజివీడు మామిడి తోటల మధ్య మీతో పాటు చదువుకున్న నేను ఇప్పుడు ఎం.ఆర్.ఐ. స్కానులు చూసే డాక్టర్ని. మెదడులో కణితి అనుమానం ఉన్నప్పుడు ఒక్కోసారి స్పెక్ట్రోస్కోపీ కూడా చేస్తాం. అది మెదడులోని రసాయనాలను గ్రాఫు మీద శిఖరాలుగా చూపిస్తుంది. అందులో ఒకటి క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లది. మిగతావాటిని సాధారణంగా దానితో పోల్చి చూస్తాం. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ఫిస్క్‌తో కలిసి కండరంలో కనుగొన్నవారు యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని చిన్నప్పుడే ఇల్లు విడిచి బయల్దేరితే, ఇంటివాళ్లు వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగి ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. సోదరులిద్దరిని స్ప్రూ జబ్బు పొట్టన పెట్టుకుంది.

అమెరికా వెళ్లి, హార్వర్డులో రక్తంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి రూపొందించారు. 1929లో ఇద్దరూ ఏ.టి.పి.ని ప్రకటించారు. కండరానికైనా మెదడుకైనా శక్తినిచ్చేది అదే. అంత చేసినా హార్వర్డులో శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సోదరులను మింగిన స్ప్రూకి అది మందయింది. 1948లో, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

గర్భం వచ్చిన మొదటి నెలలోనే శిశువు మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం మూసుకుంటుంది. ఫోలిక్ ఆమ్లం ముందునుంచే తీసుకుంటే ఆ నాళం మూసుకోని లోపాలు చాలావరకు తగ్గుతాయని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. అలా మూసుకోని పసిబిడ్డల స్కానులు నేను చూశాను. తల్లికి గర్భం తెలిసేసరికే ఆ గడువు దాటిపోతుంది. అందుకే పిల్లల కోసం చూస్తున్న మీ కూతుళ్లకు, కోడళ్లకు ముందే డాక్టరును అడగమని చెప్పండి.

మన ఉపాధ్యాయులకు ఒక మనవి. పరీక్ష తప్పిన పిల్లవాడు మీ తరగతిలో ఉంటే, మూడోసారి కూడా కూర్చోబెట్టండి.