దీపధారిణి ఫ్లారెన్స్ నైటింగేల్

రోగికి పరిచర్య చేయుటకు దయార్ద్ర హృదయం కావాలి. కాని దయ ఒక్కటే చాలదు. మెలకువ లేని చేతిలో అమృతప్రాయమైన ఔషధం సైతం విషంగా మారగలదు. ఈ సత్యాన్ని లోకానికి బోధించిన మహనీయురాలు ఫ్లారెన్స్ నైటింగేల్.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో ఒక సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమెకు పేరయింది. ఆనాడు ఇంగ్లండులో ఆసుపత్రి పరిచర్య గౌరవప్రదమైన వృత్తి కాదు. కుటుంబం వారించినా ఆమె పట్టు విడువక, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ పొందింది.

క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరుకుంది. రాత్రివేళ దీపం చేతబూని రోగుల నడుమ సంచరించిన ఆమె మూర్తి జగత్ప్రసిద్ధం. అయినను 1855 ఫిబ్రవరిలో అక్కడ చికిత్స పొందినవారిలో నూటికి దాదాపు 42 మంది మరణించారు. గాయాలకంటె అంటురోగాలే ఎక్కువమందిని బలిగొన్నాయి. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగు కాలువలను బాగుచేయించిన పిదప మరణాలు వేగంగా తగ్గాయి. యుద్ధానంతరం లెక్కలను శోధించి ఆమె ఈ చేదు నిజాన్ని గ్రహించింది. పరిశీలన తోడు లేనిదే సేవాభావం ప్రాణం నిలుపలేదని ఆమెకు బోధపడింది.

1859లో రచించిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ గ్రంథంలో రోగి పరిశీలనకు ఒక అధ్యాయాన్నే కేటాయించింది. రోగి రాత్రి బాగా నిద్రించాడా అని అడిగితే ప్రయోజనం లేదు. ఎన్ని గంటలు, ఏయే వేళల్లో నిద్రించాడో తెలుసుకోవాలన్నది ఆమె మతం. కొలపాత్ర లేకుండా కంటిచూపుతోనే మందును తప్పు లేకుండా కొలిచే పాతకాలపు నర్సులను తాను ఎరుగుదునని చెబుతూనే, ఆ పద్ధతిని తాను సిఫారసు చేయనని స్పష్టం చేసింది.

1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల శిక్షణాలయం వెలసింది. నాడి, శ్వాస, నిద్రలతో పాటు, ఇచ్చిన మందు రోగిపై ఎట్లా పనిచేస్తున్నదో గమనించడం కూడా అచ్చటి శిక్షణలో ఒక భాగం. మందు మింగించడంతో నర్సు బాధ్యత ముగియదు; అసలు బాధ్యత అప్పుడే ఆరంభమవుతుంది.

1910 ఆగస్టు 13న ఆమె తన 90వ ఏట కన్నుమూసింది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే అయిదు సూత్రాలను నేటి నర్సింగ్ విద్యార్థులు నేర్చుకుంటున్నారు. ఈ సూత్రాలు తరువాతి కాలానివే అయినా, వాటి వెనుకనున్న జాగరూకత ఆమె చూపిన బాటలోనిదే.

విద్యార్థులారా! మీరు ఏ వృత్తిని చేపట్టినా, ఇతరుల ప్రాణం మీ చేతిలో ఉన్న క్షణాన మంచి మనసును మాత్రమే నమ్ముకొనకండి. మరొక్కసారి కొలవండి, మరొక్కసారి చూడండి. నైటింగేల్ దీపం నేర్పే పాఠం ఇదే.