తలనొప్పి మందు, తెలుగు పత్రిక

అమృతాంజనం అంటే మనలో చాలామందికి అమ్మమ్మ దిండు కింద దొరికే చిన్న సీసా. గచ్చిబౌలి నుంచి లింగంపల్లి దాకా ఏ మెడికల్ షాపులో అడిగినా ఇస్తారు. రోజుకి పది గంటలు స్క్రీన్ చూసే జనం ఉన్న ఏరియా కదా, గిరాకీకి లోటుండదు. ఆ సీసా వెనకున్న మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. ఆయన పేరుకి ముందు దేశోద్ధారక అని ఉంటుంది. తలనొప్పి మందు అమ్మినాయనకి అంత పెద్ద బిరుదు ఏంటా అని నేను ఆయన జీవితం చదవడం మొదలుపెట్టాను.

ఆయన 1867లో కృష్ణా జిల్లాలో పుట్టారు. బందరులో చదువుకుని, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ చేశారు. ఆ రోజుల్లో డిగ్రీ ఉంటే సర్కారు కొలువు ఖాయం. మన బ్యాచ్‌లో ప్లేస్‌మెంట్ ఎలాగో అప్పుడు అది అలాగ. ఈయన మాత్రం వ్యాపారం వైపు వెళ్ళారు. కొన్నాళ్ళు కలకత్తా, తర్వాత బొంబాయి. 1893లో, ఇరవై ఆరేళ్ళ వయసులో, బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో శ్రోతలకి ఉచితంగా పంచి అలవాటు చేశారని చెప్తారు. ఫ్రీ ట్రయల్ అన్నమాట!

ఇంతకీ అందులో ఏముంది? ఇలాంటి బామ్‌లన్నిటికీ ప్రాణం మొక్కల నుంచి వచ్చే ఘాటు నూనెలే. కర్పూరం, నీలగిరి తైలం, పుదీనా జాతి మొక్కల నూనె నుంచి తీసే మెంథాల్. రాసుకోగానే నుదురు చల్లబడినట్టు ఉంటుంది కదా, నిజానికి చల్లబడదు. మన చర్మంలోని నరాల్లో చలిని పట్టే ఒక గ్రాహకం ఉంది, దాని పేరు టీఆర్‌పీఎమ్8. మామూలుగా చలి తగిలితే అది తెరుచుకుంటుంది. మెంథాల్ తగిలినా తెరుచుకుంటుంది. మెదడుకి తేడా తెలీదు, చలి అని రాసుకుంటుంది. సెన్సర్‌కి ఫేక్ ఇన్‌పుట్ ఇచ్చినట్టు. ఈ సంగతి 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ బృందాలు వేరువేరుగా కనిపెట్టాయి. వేడి, చలి, స్పర్శ మనకెలా తెలుస్తాయో తేల్చినందుకు 2021లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది.

అంటే బామ్ మోసమా? నేనైతే అలా అనుకోను. చల్లదనం సంకేతం ముందు నొప్పి సంకేతం కాస్త వెనకబడుతుంది, మర్దన చేసిన వేళ్ళ వల్ల బిగుసుకున్న కండరం వదులవుతుంది, ఆ వాసనకి మనసూ కుదుటపడుతుంది. జర్మనీలో 1996లో అచ్చయిన ఒక అధ్యయనంలో నుదుటికి రాసిన పెప్పర్‌మింట్ నూనె మామూలు తలనొప్పికి పారాసిటమాల్‌తో దాదాపు సమానంగా పనిచేసింది. కాకపోతే కారణం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. నిద్ర లేకపోతే నిద్రే పోవాలి. ఇంకోటి, కర్పూరం, నీలగిరి తైలం కడుపులోకి వెళ్తే విషం, పసిపిల్లలకి ఫిట్స్ కూడా రావచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే సీసా అందకుండా పెట్టండి.

మన హైదరాబాద్ వాళ్ళు ఈపాటికి జిందా తిలిస్మాత్ గుర్తుచేసుకుని ఉంటారు. అదీ నీలగిరి తైలం మందే, 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టారు. ఆయన కథ ఇంకో సంచికకి.

పంతులు గారికి డబ్బు బాగానే వచ్చింది. అసలు కథ ఆ తర్వాతే. 1907లో సూరత్ కాంగ్రెస్ సభకి వెళ్ళారు. అతివాదులు, మితవాదులు కొట్టుకుని విడిపోయిన సభ అది. ఆ గొడవంతా చూశాక తెలుగువాళ్ళకి దేశం సంగతులు చెప్పే పత్రిక కావాలనిపించింది. 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది, అదీ బొంబాయిలో! బొంబాయిలో తెలుగు ఎవరు చదువుతారని అడగొద్దు. ఆ నగరంలో భవనాలు కట్టిన కూలీల్లో మన తెలంగాణ పల్లెల నుంచి వలస వెళ్ళినవాళ్ళు చాలామంది, కామాటిపురా పేరు వాళ్ళ వల్లే వచ్చింది. 1914లో పత్రిక మద్రాసుకి మారి దినపత్రిక అయింది. కొన్ని నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, వార్తల కోసం జనం ఎదురుచూసే రోజులు.

1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక, 1926లో చవకగా పుస్తకాలు వేయడానికి ఆంధ్ర గ్రంథమాల. పత్రిక, పుస్తకాలు లాభాల కోసం నడిపే పనులు కావు. బామ్ సంపాదిస్తే అవి ఖర్చుపెట్టాయి. మనం స్టార్టప్ అంటే వాల్యుయేషన్, ఎగ్జిట్ అని మాట్లాడుకుంటాం. ఈయన లెక్కలో ఎగ్జిట్ అనేదే లేదు. అడిగినవాళ్ళకి లేదనకుండా ఇచ్చేవారు కాబట్టి విశ్వదాత అని ఇంకో పేరు కూడా పడింది.

రాజకీయాలు క్లుప్తంగా చెప్తాను. ఆంధ్ర కాంగ్రెస్‌కి చాలా ఏళ్ళు అధ్యక్షులుగా ఉన్నారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు, జైల్లో భగవద్గీతకి వ్యాఖ్యానం రాశారు. 1937 నవంబర్ 16న కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒప్పందానికి ఆ పేరు మద్రాసులో ఆయన ఇంటి పేరు మీదే వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 11న పోయారు.

ఆంధ్రపత్రిక, భారతి రెండూ 1991లో ఆగిపోయాయి. బామ్ మాత్రం ఇంకా అమ్ముతున్నారు. భారతి పాత సంచికల స్కాన్లు కొన్ని నేను చదివాను. ఇంగ్లీష్ మీడియం చదువు వల్ల నాకు ఒక్కో పేజీకి ఇరవై నిమిషాలు పట్టింది, అరసున్నల దగ్గర ఆగి ఆగి. విశ్వనాథ, శ్రీశ్రీ లాంటివాళ్ళు రాసిన పత్రిక అది. కానీ నాకు దొరికిన స్కాన్లు ఉత్త బొమ్మలు, ఒక్క పదం కూడా సెర్చ్ చేయడానికి లేదు. ఓసీఆర్ పెట్టి చూస్తే పాత అచ్చులో ఒత్తుల దగ్గర తడబడుతోంది. మినీ ప్రాజెక్టుకి నేను ఈ టాపిక్కే ఇస్తున్నా. ముందు వంద పేజీలు చేత్తో టైప్ చేసి డేటాసెట్ తయారు చేయాలి. ఇంకో ఇద్దరు కావాలి, తెలుగు టైపింగ్ వస్తే చాలు.