కోటా లోపల కోటా: కర్పూరీ ఠాకూర్ రాజకీయ జీవితం

2024 జనవరిలో కర్పూరీ ఠాకూర్‌కు మరణానంతరం భారతరత్న ప్రకటించినప్పుడు పత్రికల్లో వచ్చిన వ్యాసాలన్నీ ఇంచుమించు ఒకే కథ చెప్పాయి. అరువు తెచ్చుకున్న చిరుగుల కోటు, సొంత ఇల్లు కట్టుకోకపోవడం, కొడుకు ముఖ్యమంత్రి అయినా తండ్రి ఊళ్ళో కులవృత్తి మానకపోవడం. ఆ కథ అబద్ధమని ఎవరూ అనరు. అయితే వెనుకబడిన కులాల నాయకుణ్ణి తలచుకోవలసి వచ్చినప్పుడల్లా అతని నిరాడంబరత్వాన్ని మాత్రమే తలచుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. బీదరికాన్ని మెచ్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఆయన ప్రభుత్వ ఉత్తర్వులను చర్చకు తీసుకుంటే మాత్రం ఇప్పటికీ చాలామందికి ఇబ్బంది.

కర్పూరీ 1924 జనవరి 24న బీహార్‌లోని పితౌంఝియా గ్రామంలో పుట్టాడు. నాటి దర్భంగా జిల్లాలోని ఆ ఊరు ఇప్పుడు సమస్తిపూర్ జిల్లాలో ఉంది, పేరు కర్పూరీ గ్రామ్‌గా మారింది. తండ్రి గోకుల్ ఠాకూర్, తల్లి రామ్‌దులారీ దేవి. కులం నాయి. మన పల్లెల్లో ఆయగాళ్ళలో మంగలికి ఉన్న స్థానమే అక్కడ నాయికి ఉంది. పెళ్ళికీ చావుకీ అతను లేకపోతే పని జరగదు, పిలుపులు మోసుకెళ్ళేది అతనే. కానీ పంక్తిలో అతనికి చోటు ఉండదు. ఊరందరికీ అవసరమై ఎవరికీ సమానుడు కాని ఇలాంటి సేవాకులాలకు భూమి లేదు, లాఠీబలం లేదు, ఏ ఒక్క నియోజకవర్గంలోనూ గెలుపును శాసించగల సంఖ్య లేదు. ఈ మూడూ లేని కులం నుంచి వచ్చిన మనిషి మూడున్నర దశాబ్దాలు ఎన్నికల రాజకీయాల్లో ఎలా నిలబడ్డాడన్నదే కర్పూరీ జీవితంలోని అసలు ప్రశ్న.

1942లో కళాశాల చదువు వదిలి క్విట్ ఇండియా ఉద్యమంలో చేరి రెండేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. విడుదలయ్యాక కొంతకాలం బడిలో పాఠాలు చెప్పాడు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో సోషలిస్టు పార్టీ తరఫున తాజ్‌పూర్ నుంచి బీహార్ శాసనసభకు ఎన్నికయ్యాడు. అటు తర్వాత శాసనసభకు పోటీ చేసి ఆయన ఓడిపోలేదు. ఓడింది ఒక్క లోక్‌సభ ఎన్నికలోనే, అదీ 1984 సానుభూతి గాలిలో. సొంత కులం ఓట్లతో గెలవలేని మనిషికి పార్టీ సిద్ధాంతమే కులబలం కావలసి వచ్చింది. ఆ సిద్ధాంతం రామమనోహర్ లోహియాది. శూద్రులు, దళితులు, ఆదివాసులు, స్త్రీలు, ముస్లింలలోని వెనుకబడినవారు కలిసి అధికారంలో 60 శాతం పొందాలన్నది ఆయన వాదం. లోహియా 1967 అక్టోబరులో మరణించాడు. ఆ వాదాన్ని ప్రభుత్వ ఫైలుగా మార్చే పని శిష్యులకు మిగిలింది. శిష్యుల్లో ఆ పనిని చివరిదాకా తీసుకెళ్ళినవారు తక్కువ.

1967లో బీహార్‌లో మొదటి కాంగ్రెసేతర ప్రభుత్వం ఏర్పడింది. సంకీర్ణంలో పెద్ద పక్షం సంయుక్త సోషలిస్టు పార్టీ. దాని నాయకుడు కర్పూరీ. ముఖ్యమంత్రి అయింది మాత్రం చిన్న పక్షానికి చెందిన కాయస్థ నాయకుడు మహామాయా ప్రసాద్ సిన్హా. కర్పూరీకి ఉపముఖ్యమంత్రి పదవి, విద్యాశాఖ దక్కాయి. మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణతకు ఇంగ్లిషు తప్పనిసరి కాదని ఆయన తీసుకున్న నిర్ణయం నేటికీ వివాదాస్పదమే. అలా ఉత్తీర్ణులైనవారిని కర్పూరీ డివిజన్ అంటూ వెక్కిరించేవారు. ఇంగ్లిషు విద్య దళిత బహుజనుల విముక్తి సాధనమని భావించే తెలుగు పాఠకులకు ఈ నిర్ణయం రుచించకపోవచ్చు. దాన్ని భాషాభిమానంగా చూడటం కన్నా పరీక్షల లెక్కగా చూడటం న్యాయమని నా అభిప్రాయం. ఆ రోజుల్లో ఒక్క ఇంగ్లిషులో తప్పి చదువు ఆగిపోయినవారిలో అత్యధికులు మొదటి తరం విద్యార్థులు, ఆడపిల్లలు. వారికి గుమాస్తా ఉద్యోగానికీ పై చదువుకీ దారి తెరిచిన నిర్ణయమది. పై మెట్టులో ఇంగ్లిషు అందనివ్వని వ్యవస్థను మాత్రం అది మార్చలేదు. ఆ లోటు చిన్నది కాదు.

1970 డిసెంబరులో తొలిసారి ముఖ్యమంత్రి అయ్యాడు. ప్రభుత్వం ఆరు నెలలు కూడా నిలవలేదు. ఎమర్జెన్సీలో నేపాల్‌కు వెళ్ళి అజ్ఞాతంలో పనిచేశాడు. 1977లో సమస్తిపూర్ నుంచి లోక్‌సభకు గెలిచాడు. అదే ఏడు జూన్‌లో జనతా శాసనసభా పక్ష నాయకత్వానికి జరిగిన పోటీలో రాజపుత్ర నాయకుడు సత్యేంద్ర నారాయణ్ సిన్హాను ఓడించి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యాడు. ఫుల్‌పరాస్ ఉపఎన్నికలో గెలిచి సభలోకి వచ్చాడు. మద్యనిషేధం తెచ్చాడు. 1978లో పంచాయతీ ఎన్నికలు జరిపించాడు. ఆ తర్వాత బీహార్ పల్లెలు మళ్ళీ పంచాయతీ ఎన్నికలు చూసింది 2001లోనే.

ఆయన పేరు నిలిచిపోయేది 1978 నవంబరు ఉత్తర్వుతో. ముంగేరీలాల్ కమిషన్ 1976లో ఇచ్చిన నివేదిక ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 26 శాతం రిజర్వేషన్ ప్రకటించాడు. అందులో అత్యంత వెనుకబడిన వర్గాలకు 12, వెనుకబడిన వర్గాలకు 8, స్త్రీలకు 3, అగ్రకులాల్లోని పేదలకు 3. అప్పటికే ఎస్సీలకు 14, ఎస్టీలకు 10 శాతం ఉన్నాయి. మొత్తం సరిగ్గా 50. 1962లో బాలాజీ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీతను దాటకుండా, ఆ గీత లోపల ఎంత చోటు ఉందో అంతా వాడుకున్న లెక్క ఇది. లోహియా 60 శాతం ఇందులో లేదు. కానీ గురువు స్పష్టంగా చెప్పని ఒక విషయం ఇందులో ఉంది. వెనుకబాటు ఒకే మెట్టు కాదు. యాదవ, కుర్మీ, కోయిరీ వంటి సాగుకులాలను ఒక జాబితాలో, నాయి, మల్లాహ్, కహార్ వంటి చేతివృత్తుల, సేవాకులాలను మరో జాబితాలో చేర్చి, పెద్ద వాటాను రెండో జాబితాకు ఇచ్చాడు.

బీహార్ మండిపోయింది. అగ్రకుల విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. బస్సులు, రైళ్ళు తగలబడ్డాయి. ముఖ్యమంత్రిని ఆయన తల్లి పేరుతో, కత్తి పేరుతో, కులవృత్తి పేరుతో తిట్టిన నినాదాలు ఊరేగింపుల్లో బాహాటంగా వినిపించాయి. ఇక్కడ వాటిని తిరిగి రాయనవసరం లేదు. గమనించవలసినదేమిటంటే, అగ్రకుల పేదలకు ఆయన ఇచ్చిన 3 శాతం ఆ కోపాన్ని ఇసుమంతైనా తగ్గించలేదు. ఆర్థిక ప్రాతిపదిక కోసం ఆనాడు గొంతెత్తినవారికి అది చేతికందినా పట్టలేదు. నాలుగు దశాబ్దాల తర్వాత 2019లో కేంద్రం 10 శాతం ఇచ్చినప్పుడు ఏ బస్సూ కాలలేదు.

ఇక్కడ మన రాష్ట్రాన్ని గుర్తు చేసుకోవాలి. బీసీలను అంతర్గతంగా వర్గీకరించడం బీహార్‌కన్నా ముందే ఇక్కడ జరిగింది. అనంతరామన్ కమిషన్ నివేదిక మీద 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 25 శాతాన్ని ఎ గ్రూపుకు 7, బి గ్రూపుకు 10, సి గ్రూపుకు 1, డి గ్రూపుకు 7గా పంచింది. హైకోర్టు కొట్టేసినా 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. 1992 మండల్ తీర్పులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి వర్గీకరణ చెల్లుతుందని చెప్పడానికి చూపిన ఉదాహరణ ఈ కేసే. మంగలి, చాకలి కులాలు ఉన్నది ఎ గ్రూపులోనే. మరి ఇక్కడ అప్పుడు రాని మంట అక్కడెందుకు వచ్చింది? ఇక్కడ వర్గీకరణ చేసింది రెడ్డి ముఖ్యమంత్రి నడిపిన కాంగ్రెస్ ప్రభుత్వం, కమిషన్ నివేదిక చాటున. ఇచ్చే చెయ్యి పైనే ఉంది. బీహార్‌లో ఇచ్చే చెయ్యి మంగలిది. వాటా పరిమాణం కన్నా వాటా పంచే అధికారం ఎవరిదన్నదే ఆధిపత్య కులాలను ఎక్కువ కలవరపెడుతుంది. అయితే మనం శాంతమూర్తులమని గర్వపడనవసరం లేదు. 1986లో ఎన్టీఆర్ బీసీ కోటాను 44 శాతానికి పెంచినప్పుడు ఇక్కడి వీధుల్లోనూ మంట రేగింది, హైకోర్టు ఆ పెంపును కొట్టేసింది.

కర్పూరీ ఉత్తర్వు వెలువడిన రెండు నెలల లోపే, 1979 జనవరి 1న మొరార్జీ ప్రభుత్వం మండల్ కమిషన్‌ను నియమించింది. దాని అధ్యక్షుడు బి.పి. మండల్ కూడా బీహార్ మాజీ ముఖ్యమంత్రే. ఆయన యాదవ జమీందారీ కుటుంబీకుడు. ఆ నివేదిక 27 శాతాన్ని ఒకే ముద్దగా ఉంచింది. సభ్యుల్లో దళితుడైన ఎల్.ఆర్. నాయక్ ఒక్కరే అసమ్మతి రాసి, అణగారిన వెనుకబడిన కులాలకు వేరే వాటా ఉండాలన్నారు. దేశవ్యాప్తంగా గెలిచింది మండల్ నమూనా. కర్పూరీ నమూనా ఒక రాష్ట్రానికి పరిమితమైంది.

1979 ఏప్రిల్‌లో జనతా పార్టీలోని జనసంఘ్ వర్గం, అగ్రకుల నాయకుల వర్గాలు కలిసి ఆయన్ను దింపేశాయి. వారసుడిగా దళిత నాయకుడు రామ్ సుందర్ దాస్‌ను ముందుకు తెచ్చారు. వెనుకబడినవాణ్ణి దించడానికి దళితుణ్ణి ఎక్కించే ఎత్తుగడ మనకు కొత్త కాదు. దాస్ యోగ్యత మీద నాకు సందేహం లేదు, ఆయన్ను ఎంచుకున్నవారి ఉద్దేశం మీదే సందేహం.

కర్పూరీ రాజకీయాలకు ఒక పరిమితి ఉంది, దాన్ని దాచడం ఆయనకు గౌరవం కాదు. ఆయన అధికారంలోకి రావడానికి కొద్ది వారాల ముందు, 1977 మే 27న, బెల్చీలో కుర్మీ భూస్వాముల ముఠా 11 మందిని చంపింది. వారిలో ఎక్కువమంది దళితులు. వెనుకబడిన కులాల ఐక్యత అనే మాటకు క్షేత్రంలో ఎంత లోతు ఉందో ఆ ఘటన చూపింది. ఉద్యోగాల్లో వర్గీకరణ చేసిన ముఖ్యమంత్రి భూమిలో ఆ పని చేయలేకపోయాడు. భూమి ఉన్న వెనుకబడిన కులాలే ఆయన పార్టీకి ఓటు పునాది. వాటిని నొప్పించి ప్రభుత్వం నిలబడదు. ఉద్యోగాల్లో నొప్పించినందుకే మూల్యం పడింది.

1980ల్లో ఆయన లోక్‌దళ్‌లో ప్రతిపక్ష నాయకుడు. 1987లో సొంత పార్టీ శాసనసభ్యులే తిరుగుబాటు చేశారు. అందులో యాదవ శాసనసభ్యులది ముఖ్యపాత్ర. స్పీకర్ ఆయన్ను ప్రతిపక్ష నాయక స్థానం నుంచి తప్పించాడు. దీనికి 1978 ఉత్తర్వే ఏకైక కారణమనడం అతిశయోక్తి, పార్టీ చీలికలూ వ్యక్తిగత ఆశలూ ఉన్నాయి. కానీ సంఖ్యాబలం ఉన్న కులాలు తమ మనిషి నాయకుడిగా ఉండాలని కోరుకునే దశ వచ్చేసింది. సంఖ్య లేని కులపు నాయకుడి అవసరం వారికి తీరింది. 1988 ఫిబ్రవరి 17న పాట్నాలో గుండెపోటుతో కర్పూరీ మరణించాడు. వయసు 64. మరుసటి ఏడు ప్రతిపక్ష నాయక స్థానంలోకి లాలూ ప్రసాద్ వచ్చాడు, 1990లో ముఖ్యమంత్రి అయ్యాడు.

2023 అక్టోబరు 2న వెలువడిన బీహార్ కులసర్వేలో అత్యంత వెనుకబడిన వర్గాలు 36.01 శాతంగా, వెనుకబడిన వర్గాలు 27.12 శాతంగా తేలాయి. ఆ లెక్కతో రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాల కోటాలను మొత్తం 65 శాతానికి పెంచి, అందులో 25 శాతాన్ని అత్యంత వెనుకబడిన వర్గాలకు కేటాయించింది. 2024 జూన్‌లో పాట్నా హైకోర్టు దాన్ని కొట్టేసింది. కేంద్ర ఓబీసీ జాబితాను వర్గీకరించడానికి 2017లో వేసిన రోహిణి కమిషన్ 2023 జూలైలో నివేదిక సమర్పించింది. కర్పూరీకి భారతరత్న ఇచ్చిన ప్రభుత్వమే ఆ నివేదికను బయటపెట్టకుండా తన దగ్గర ఉంచుకుంది.