జిడ్డు కృష్ణమూర్తి

జిడ్డు కృష్ణమూర్తి (1895 మే 12 – 1986 ఫిబ్రవరి 17) ఆంధ్రదేశంలో జన్మించి ప్రపంచ ప్రసిద్ధి పొందిన తత్త్వవేత్త, వక్త, విద్యావేత్త. 'నేను' అనే భావం జ్ఞాపకాలతోను, భయాలతోను అల్లుకున్నదని, దానిని ఉన్నదున్నట్లుగా గమనించడమే స్వేచ్ఛకు మార్గమని ఆయన దశాబ్దాల పాటు బోధించాడు. బాల్యంలో ఆయన పడిన దెబ్బలు, చూసిన మరణాలు, 1922 నుండి కలిగిన అసాధారణ స్థితులు, గతం గుర్తులేకపోవడం మనస్తత్త్వ శాస్త్రం దృష్టిలో కూడా చర్చకు వచ్చాయి.

బాల్యం

కృష్ణమూర్తి మదనపల్లెలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానంగా జన్మించాడు. అందువల్లనే శ్రీకృష్ణుని పేరు పెట్టారు. అర్ధరాత్రి దాటిన తరువాత పుట్టినందువల్ల కొన్ని గ్రంథాలలో జన్మదినం మే 11 అని కనబడుతుంది. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. కడపలో సోకిన మలేరియా బాలుని చాలా ఏళ్ళు పీడించింది. 1904లో అక్క, 1905లో తల్లి మరణించారు. అప్పటికి ఆయన వయసు పదేళ్ళు. మరణించిన తరువాత కూడా వారు తనకు కనిపించేవారని పద్దెనిమిదేళ్ళ వయసులో వ్రాసుకున్న స్మృతులలో ఆయన పేర్కొన్నాడు.

బడిలో ఎప్పుడూ పరధ్యానంగా ఉండేవాడు. మందబుద్ధి అని భావించి ఉపాధ్యాయులు కొట్టేవారు. ఇంట్లో తండ్రి చేతిలో కూడా దెబ్బలు తప్పేవి కావు.

అడయారు నుండి ఇంగ్లండుకు

ఉద్యోగ విరమణ అనంతరం నారాయణయ్య 1909లో పిల్లలతో మద్రాసు సమీపంలోని అడయారులో దివ్యజ్ఞాన సమాజ కేంద్రానికి చేరాడు. అక్కడి సముద్రతీరంలో కృష్ణమూర్తిని చూసిన లెడ్‌బీటర్, రాబోయే జగద్గురువుకు ఈ బాలుడు వాహకం కాగలడని ప్రకటించాడు. 1910లో అనీ బిసెంట్ అతనికీ, తమ్ముడు నిత్యానందకూ సంరక్షకురాలైంది. 1911లో ఆయన నాయకుడుగా ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. అదే సంవత్సరం అన్నదమ్ములను ఇంగ్లండుకు తీసుకువెళ్ళారు.

పిల్లలను తిరిగి అప్పగించాలని తండ్రి 1912లో దావా వేశాడు. 1913లో మద్రాసు హైకోర్టులో ఆయన గెలిచినా, 1914లో ప్రీవీ కౌన్సిల్ బిసెంట్ పక్షాన తీర్పు ఇచ్చింది. ఇంగ్లీషు వాతావరణంలోనే పెరిగిన కృష్ణమూర్తి క్రమంగా మాతృభాషయైన తెలుగును మరచిపోయాడు.

1922 నాటి అనుభవం

1922 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓహైలో ఉండగా ఆయనకు మెడ వెనుక తీవ్రమైన నొప్పి మొదలైంది. కొద్దిరోజులలోనే ఒళ్ళంతా మంట, కలవరింతలు, స్పృహ తప్పడం వంటివి కనిపించాయి. కొన్ని సమయాలలో కృష్ణమూర్తి ఎక్కడికో వెళ్ళిపోయినట్లు, మిగిలిన శరీరం చిన్నపిల్లవాని గొంతుతో మాట్లాడినట్లు, తల్లి కోసం పరితపించినట్లు దగ్గరనున్నవారు నమోదు చేశారు. ఆ తరువాత గొప్ప ప్రశాంతత, పరిసరాలలోని చెట్టూ పుట్టా అన్నీ తానే అయిన అనుభూతి కలిగాయని ఆయన వ్రాసుకున్నాడు. ఆయన జీవితచరిత్రలలో 'ప్రాసెస్' అని పిలువబడే ఈ స్థితి తరువాతి సంవత్సరాలలోను అప్పుడప్పుడు కలుగుతూ వచ్చింది.

1925 నవంబరులో నిత్యానంద ఓహైలో మరణించాడు. ఆ వార్త కృష్ణమూర్తికి భారతదేశానికి వస్తున్న ఓడలో తెలిసింది. తమ్ముడు బ్రతుకుతాడని దివ్యజ్ఞానులు ఇచ్చిన భరోసా వమ్ము కావడంతో ఆయన విశ్వాసం కదలిపోయింది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో వేలాదిమంది సభ్యుల సమక్షంలో తన పేరున ఏర్పడిన సంఘాన్ని రద్దు చేసి, ఆస్తులను దాతలకు తిప్పి ఇచ్చివేశాడు.

మనస్తత్త్వ శాస్త్ర దృష్టి

దివ్యజ్ఞానులు ఈ అనుభవాలను ఆధ్యాత్మిక దీక్షగాను, కొందరు కుండలిని మేల్కొనడంగాను వివరించారు. మనస్తత్త్వ శాస్త్రంలో ఇటువంటి లక్షణాలను పరిశీలించేటప్పుడు డిసోసియేషన్ అనే భావన ముందుకు వస్తుంది. భరించరాని ఆఘాతం తగిలినపుడు జ్ఞాపకం, స్పృహ, తాననే భావం ఒకదానినుండి ఒకటి విడివడిపోవడమే డిసోసియేషన్. ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ జానే 1889లోనే దీనిని విపులంగా వర్ణించాడు.

ఆఘాతానంతర మానసిక రుగ్మత ఉన్నవారిలో కొందరు తమ శరీరం తమది కానట్లు, లోకం నిజం కానట్లు భావిస్తారు. 2013లో అమెరికన్ మనోవైద్యుల వర్గీకరణ దీనిని ఆ రుగ్మతలో ఒక ప్రత్యేక ఉపవిభాగంగా గుర్తించింది. ఇటువంటివారిలో నుదుటి వెనుకనుండే మెదడు భాగం, భయాన్ని పసిగట్టే అమిగ్డలాను అతిగా అణచివేస్తున్నట్లు మెదడు చిత్రణ పరిశోధనలు సూచిస్తున్నాయి. అనగా బాధనుండి కాపాడే ఏర్పాటే మనిషిని తననుండి తనను దూరం చేస్తుంది. 2002లో ఓలాఫ్ బ్లాంకే బృందం ఒక మూర్ఛరోగి మెదడు కుడివైపున విద్యుత్ ప్రేరణ ఇచ్చినపుడు, తాను శరీరం వెలుపలనుండి చూస్తున్న అనుభూతి ఆమెకు కలిగింది.

ఇవి కృష్ణమూర్తికి రోగనిర్ధారణ కాజాలవు. 1922లో బ్రతికున్న మనిషి మెదడు పనితీరును చూసే సాధనం లేదు. మానవ మెదడు విద్యుత్తరంగాలను హాన్స్ బెర్గర్ తొలిసారి నమోదు చేసినది 1924లో. మలేరియా వంటి శారీరక కారణాలను తోసిపుచ్చడానికి కూడా ఇప్పుడు వీలులేదు. తన బాల్యం, యౌవనం దాదాపు ఏమీ గుర్తులేవని ఆయన తరచు చెప్పేవాడు. ఆ మరపు గాయానికి గుర్తా, లేక గాయం అంటని మనసుకు గుర్తా అన్నది తేలని ప్రశ్న. అయితే డిసోసియేషన్‌లో సాధారణంగా కనబడే మొద్దుబారినతనానికి భిన్నంగా, ఆయన అరవయ్యేళ్ళకు పైగా దేశదేశాలు తిరిగి ప్రసంగించాడు.

శాస్త్రవేత్తలతో సంభాషణలు

1976లో భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్, మనోవైద్యుడు డేవిడ్ షైన్‌బర్గ్‌లతో మానసిక గాయాలను గురించి చర్చించాడు. చిన్ననాటినుండి మనసులో ఏర్పడే గాయాలకు, 'నేను' అనే ప్రతిరూపానికి గల సంబంధం అందులో ముఖ్యాంశం. 1980లో బోమ్‌తో జరిపిన సంభాషణలలో, లోతైన అవగాహన మెదడు కణాలలోనే మార్పు తేగలదని వాదించాడు. ఇది ప్రయోగాలతో రుజువైన విషయం కాదు.

విద్యారంగం

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ, వారణాసిలోని రాజఘాట్, ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్క్ పాఠశాలలు ఆయన భావాలతో నడిచాయి. భయం ఉన్నచోట మనసు నేర్చుకోలేదని ఆయన విశ్వాసం. బహుమతులనూ, శిక్షలనూ, పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చడాన్నీ ఆయన వ్యతిరేకించాడు. దెబ్బలు తిని మందబుద్ధి అనిపించుకున్న బాలుని స్వగ్రామం పక్కనే, బెత్తం లేని బడి వెలసింది.

మరణం

1986 ఫిబ్రవరి 17న క్లోమ గ్రంథి కేన్సరుతో ఓహైలో తన తొంభయ్యవ యేట మరణించాడు. తనకు వారసులనుగాని, తన బోధలకు అధికార వ్యాఖ్యాతలనుగాని ఆయన నియమించలేదు.