శ్రీ కట్టమంచి రామలింగారెడ్డిగారు

చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శ్రీ రామలింగారెడ్డిగారు జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొను దినములలోనే ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించిరి. అనంతపురముదగ్గరి బుక్కరాయసముద్రము చెరువుకట్ట తెగనుండగా, ఊరి రక్షణకై యొక కోడలు ఆత్మార్పణ మొనర్చిన కథ యది. చెరువు తెగిన యేట ఆయకట్టంతయు బీడని వ్రాయవలసివచ్చు మాబోటి లెక్కలవారికి అది వట్టి కల్పనగా తోచదు.

కేంబ్రిడ్జిలో చదివి వచ్చినపిదప మైసూరు సంస్థానమున విద్యాశాఖను నడపుచు, ప్రభుత్వ పాఠశాలలలో పంచముల బాలురకు ప్రవేశము కల్పించుటకు పాటుపడిరి. తరువాత మదరాసు శాసనమండలి సభ్యులైరి. 1923లో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించినవారు వీరే. అది వీగిపోయెను. ఆ మంత్రివర్గముండగానే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలయగా, దాని ప్రథమోపాధ్యక్షపదవి యీ ప్రతిపక్షివారికే లభించెను! ఉన్నత పరీక్షలకు మదరాసే దిక్కైయుండిన తెలుగు యువకులకు క్రొత్తదారి యేర్పడెను. ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో పదవిని త్యజించిరి. 1936లో మరల వచ్చి 1949 వరకు నడపిరి.

విచారమేమనగా, రాయలసీమ కళాశాలలు మాత్రము తిరిగి మదరాసు విశ్వవిద్యాలయము క్రిందికే పోయెను. తమ సీమ బిడ్డలకే తమ విద్యాపీఠము దూరమాయెను. అలిపిరినుండి నడచిపోదగిన దూరమున శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో గాని యేర్పడలేదు. దానిని చూచుటకు రెడ్డిగారు లేరు. 1951 ఫిబ్రవరి 24వ తేదీననే కీర్తిశేషులైరి.