నెల రోజుల కాంట్రాక్టుతో ప్రపంచకప్ ఆడిన కెప్టెన్

1966 జూన్ 30. ఇంగ్లండ్‌లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ మొదలవడానికి ఇంకా పదకొండు రోజులే ఉంది. సరిగ్గా ఆ రోజుతో ఆతిథ్య జట్టు కెప్టెన్‌కి ఉద్యోగం లేకుండా పోయింది. క్లబ్బుతో ఉన్న కాంట్రాక్టు గడువు తీరిపోయింది, కొత్తదాని మీద సంతకం పెట్టనని అతను భీష్మించాడు. ఏ క్లబ్బులోనూ రిజిస్టర్ కాని ఆటగాడు ప్రపంచకప్‌లో ఆడకూడదన్నది నిబంధన. అంటే సొంతగడ్డ మీద జరిగే ప్రపంచకప్‌ని ఇంగ్లండ్ కెప్టెన్ గ్యాలరీలో కూర్చుని చూడాల్సి వస్తుందన్నమాట!

ఆ కెప్టెన్ పేరు బాబీ మూర్. వయసు 25. ఆడే స్థానం డిఫెన్స్. గోల్స్ కొట్టేవాళ్ల పేర్లు ఎవరికైనా గుర్తుంటాయి. డిఫెండర్ సంగతి అలా కాదు. అతను పని బాగా చేశాడంటే మైదానంలో ఏమీ జరగలేదని అర్థం. అలాంటి కనపడని పనితో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవాళ్లు చాలా తక్కువ. ఆ కొద్దిమందిలో మూర్‌ది ముందు వరస.

1941 ఏప్రిల్ 12న లండన్‌కు తూర్పున ఉన్న బార్కింగ్‌లో పుట్టాడు. అప్పటికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. నాన్న ఎలక్ట్రీషియన్. ఇంట్లో ఒక్కడే సంతానం. చిన్నప్పుడు క్రికెట్ కూడా బాగా ఆడేవాడు. ఫుట్‌బాల్‌లో మాత్రం అతన్ని చూసి ఎవరూ వీడు పెద్ద స్టార్ అవుతాడని అనుకోలేదు. ఎందుకంటే పరుగులో స్పీడు లేదు. గాల్లోకి ఎగిరి తలతో బంతిని కొట్టడంలోనూ అంతంతమాత్రమే. డిఫెండర్‌కి ఉండాల్సిన మొదటి రెండు అర్హతలూ అవే! 1956లో వెస్ట్‌హామ్ యునైటెడ్ క్లబ్బు అతన్ని కుర్రాళ్ల బ్యాచ్‌లో చేర్చుకుంది. ఆ రోజుల్లో అలా చేరిన పిల్లలు ఆట నేర్చుకోవడంతో పాటు సీనియర్ల బూట్లు తుడవడం, స్టాండ్లు ఊడవడం లాంటి పనులూ చేసేవాళ్లు. ఇప్పటి ఇంటర్న్‌షిప్ అనుకోండి.

అక్కడ అతనికి ఒక గురువు దొరికాడు. మాల్కమ్ అలిసన్ అని సీనియర్ డిఫెండర్. ఎవరూ అడక్కుండానే సాయంత్రాలు కుర్రాళ్లను కూర్చోబెట్టి ఆట గురించి చెప్పేవాడు. మూర్‌కి అతను నేర్పింది ఒకే ఒక్క అలవాటు. బంతి కాళ్ల దగ్గరికి వచ్చాక ఆలోచించడం కాదు, రాకముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఈ క్షణంలో బంతి నాకొస్తే ఎవరికి ఇవ్వాలి అని ఆటసాగినంతసేపూ తనని తానే అడుగుతూ ఉండాలి. వినడానికి ఇంతే. చేయడం మాత్రం తొంభై నిమిషాల పరీక్ష. స్పీడు లేని కుర్రాడికి ఇది ప్రాణం పోసింది. ఎదుటివాడు ఎటు వెళ్తాడో ముందే తెలిస్తే, వాడికంటే వేగంగా పరిగెత్తాల్సిన పనేముంది?

ఇక్కడో చేదు మలుపు ఉంది. 1957లో అలిసన్‌కి క్షయ సోకింది. ఊపిరితిత్తి ఒకటి తీసేశారు. అయినా పట్టుదలగా కోలుకుని మళ్లీ జట్టులోకి రావాలని ఎదురు చూస్తున్నాడు. 1958 సెప్టెంబర్ 8న మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్. వెస్ట్‌హామ్ అప్పుడే పై డివిజన్‌కి వచ్చింది. ఒక స్థానం ఖాళీ అయింది. పోటీలో ఉన్నది ఇద్దరే... గురువు, శిష్యుడు. మేనేజర్ టెడ్ ఫెంటన్ జట్టు కెప్టెన్ నోయెల్ కాంట్‌వెల్ సలహా అడిగాడు. కాంట్‌వెల్ అలిసన్‌కి మంచి స్నేహితుడే. అయినా కుర్రాడి పేరే చెప్పాడు. 17 ఏళ్ల మూర్ ఆరో నంబర్ చొక్కా వేసుకుని ఆడాడు, వెస్ట్‌హామ్ 3-2తో గెలిచింది. అలిసన్‌కి ఆ పై డివిజన్‌లో ఆడే అవకాశం ఆ తర్వాత ఎప్పటికీ రాలేదు. (తర్వాత కోచ్‌గా అతను చాలా పేరు తెచ్చుకున్నాడు, అది వేరే కథ.) ఉద్యోగాల్లో ఒకరి సీటు ఖాళీ అయితేనే ఇంకొకరికి ఆఫర్ వస్తుంది, నిజమే. కానీ ఆ సీటు కోరుకుంటున్నది నీకు పని నేర్పినవాడే అయినప్పుడు ఆ ఆనందం ఎంత బరువుగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అప్పటి ఫుట్‌బాలర్ల జీతాల సంగతి వింటే ఆశ్చర్యపోతారు. 1961 జనవరి దాకా ఇంగ్లండ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదని రూలుండేది. ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధమైతేనే దాన్ని ఎత్తేశారు. ఇంకో రూలు మరీ ఘోరం. కాంట్రాక్టు అయిపోయినా సరే, క్లబ్బు ఒప్పుకోకపోతే ఆటగాడు వేరే చోటికి వెళ్లలేడు. రాజీనామా ఇచ్చినా రిలీవింగ్ లెటర్ ఇవ్వని కంపెనీల గురించి మీరు వినే ఉంటారు కదా. అది అక్కడ రాతపూర్వకంగా, పద్ధతి ప్రకారమే జరిగేది. జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు కోర్టుకెక్కితే 1963లో ఆ పద్ధతి అన్యాయమని తీర్పు వచ్చింది. అయినా క్లబ్బుల చేతిలో పగ్గాలు పూర్తిగా వదల్లేదు.

ఈలోగా మూర్ దూసుకుపోయాడు. 1962 మే 20న పెరూ మీద ఇంగ్లండ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. ఆ వెంటనే చిలీలో ప్రపంచకప్ కూడా ఆడేశాడు. 1963 మేలో చెకోస్లోవేకియా మీద మొదటిసారి కెప్టెన్సీ చేశాడు. అప్పటికి వయసు 22. అంతకుముందు అంత చిన్న వయసులో ఇంగ్లండ్‌కి ఎవరూ కెప్టెన్ కాలేదు. 1964లో వెస్ట్‌హామ్‌కి ఎఫ్ఏ కప్ గెలిచిపెట్టి, ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డూ అందుకున్నాడు.

అదే ఏడాది నవంబర్‌లో వృషణానికి క్యాన్సర్ అని తేలింది. వయసు 23. భార్య గర్భవతి. ఆపరేషన్ చేశారు. బయటికి మాత్రం మామూలు గాయమేనని చెప్పారు. ఆ కాలంలో క్యాన్సర్ అనే మాట పైకి అనడానికే జనం జంకేవాళ్లు. ఇక ఆ క్యాన్సర్ సంగతి చెప్పాలా? తోటి ఆటగాళ్లలో చాలామందికి కూడా తెలియదు. కొన్ని నెలల్లో తిరిగొచ్చి, 1965 మేలో వెంబ్లీలో జర్మనీ క్లబ్బు మ్యూనిక్ 1860ని 2-0తో ఓడించి యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ ఎత్తాడు. చూసినవాళ్లకి అతను ఓ విజేత కెప్టెన్, అంతే. ఆ ఆరు నెలలూ అతనెలా గడిపాడో ఊహించడం కష్టమే.

ఇప్పుడు మళ్లీ 1966 జూన్‌కి వద్దాం. మూర్ టోటెన్‌హామ్ క్లబ్బుకి వెళ్లాలనుకుంటున్నాడు. వెస్ట్‌హామ్ మేనేజర్ రాన్ గ్రీన్‌వుడ్ వదలనంటున్నాడు. ఇంగ్లండ్ జట్టు మేనేజర్ ఆల్ఫ్ రామ్సేకి ఇది తలనొప్పి అయింది. గ్రీన్‌వుడ్‌ని జట్టు బస చేసిన హోటల్‌కే పిలిపించి, ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి తేల్చుకోమన్నాడు. అలా పుట్టిందే నెల రోజుల తాత్కాలిక కాంట్రాక్టు! ప్రపంచకప్ అయ్యేదాకా వెస్ట్‌హామ్ ఆటగాడిగా రిజిస్టర్ అవుతాడు, మిగతా సంగతి తర్వాత. నిజం చెప్పాలంటే ఈ బేరంలో మూర్ గెలిచాడని అనలేం. టోటెన్‌హామ్‌కి వెళ్లనేలేదు. ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్లు వెస్ట్‌హామ్‌లోనే ఉన్నాడు.

జులై 30న వెంబ్లీలో పశ్చిమ జర్మనీతో ఫైనల్. పన్నెండో నిమిషంలోనే జర్మనీ గోల్ కొట్టింది. కాసేపటికి మూర్‌ని ఫౌల్ చేశారు, ఫ్రీ కిక్ వచ్చింది. అందరూ సర్దుకునేదాకా అతను ఆగలేదు. లేచి, తల ఎత్తి చూసి, వెంటనే బంతిని గోల్ ముందుకు పంపాడు. జెఫ్ హర్స్ట్ తలతో లోపలికి కొట్టాడు. 1-1. అలిసన్ నేర్పిన ప్రశ్నకి జవాబు ముందే సిద్ధంగా ఉంది మరి. చివరికి ఎక్స్‌ట్రా టైమ్. ఇంగ్లండ్ 3-2తో ముందుంది, ఆఖరి నిమిషం. మూర్ దగ్గరికి సొంత పెనాల్టీ ఏరియాలో బంతి వచ్చింది. ఆ పరిస్థితిలో ఏ డిఫెండరైనా ఏం చేస్తాడు? బలంకొద్దీ తన్ని గ్యాలరీలో పడేస్తాడు. జట్టువాళ్లు కూడా అదే చెయ్యమని అరుస్తున్నారు. మూర్ మాత్రం తల పైకెత్తి, ముందున్న హర్స్ట్ ఎటు పరిగెడుతున్నాడో చూసి, పొడవాటి పాస్ ఇచ్చాడు. హర్స్ట్ గోల్. 4-2.

కప్పు తీసుకోవడానికి మెట్లెక్కుతుంటే ఎలిజబెత్ రాణి తెల్లటి గ్లౌజులు కనిపించాయి. అతని చేతులకేమో మట్టి. బాల్కనీ ముందు పరిచిన మఖమల్ బట్టకి గబగబా చేతులు తుడుచుకుని అప్పుడు రాణికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మనిషి ఎలాంటివాడో చెప్పడానికి ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఆ దృశ్యాన్నే గుర్తుచేస్తారు. గెలిచినందుకు వచ్చిన బోనస్ 22,000 పౌండ్లు. ఫైనల్లో ఆడినవాళ్లూ ఆడనివాళ్లూ అని చూడకుండా 22 మందీ తలా వెయ్యి పంచుకున్నారు.

1970లో అతనికి జీవితంలో అన్నిటికన్నా పెద్ద అవమానం ఎదురైంది. మెక్సికో ప్రపంచకప్‌కి ముందు కొలంబియా రాజధాని బొగోటాలో జట్టు దిగిన హోటల్లో ఓ నగల దుకాణం ఉంది. అక్కడ పచ్చలు పొదిగిన బ్రేస్‌లెట్ ఒకటి మూర్ దొంగిలించాడని ఆరోపించారు. అరెస్టు చేశారు. నాలుగు రోజులు గృహనిర్బంధం. ప్రపంచకప్ మొదలవబోతోంది, కెప్టెన్ మీద దొంగతనం కేసు! ఆధారాలు నిలబడక వదిలేశారు కానీ, కేసు పూర్తిగా మూసేసింది 1975లోనే. అంత జరిగాక నేరుగా మెక్సికో వెళ్లి, జూన్ 7న గ్వాడలహారాలో బ్రెజిల్ మీద ఆడిన ఆట చూడాలి. బంతితో మెరుపులా దూసుకొస్తున్న జైర్జినో కాళ్ల దగ్గర్నుంచి, పెనాల్టీ ఏరియాలో, ఫౌల్ కాకుండా బంతిని మాత్రమే లాక్కున్నాడు. ఒక్క అంగుళం తేడా వస్తే పెనాల్టీయే. డిఫెండింగ్ అంటే ఏమిటో నేర్పేటప్పుడు ఇప్పటికీ ఆ ట్యాకిల్ చూపిస్తారు. మ్యాచ్ మాత్రం ఇంగ్లండ్ 0-1తో ఓడింది. అయిపోయాక పీలే, మూర్ చొక్కాలు మార్చుకుంటూ నవ్వుకున్న ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు.

1973 జూన్‌లో పోలండ్‌లో ఆడుతుండగా అతని తప్పు వల్లే ఒక గోల్ పడింది. బంతి అతని దగ్గర్నుంచి లాక్కుని లుబాన్‌స్కీ కొట్టేశాడు. ముందే చూసే కళ్లు ఆ రోజు ఒక్క క్షణం ఆలస్యమయ్యాయి. 32 ఏళ్ల డిఫెండర్‌కి ఆ క్షణమే పోతే మిగిలేదేముంది? ఆ నవంబర్‌లో ఇటలీ మీద ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాడు. మొత్తం 108 మ్యాచ్‌లు, అందులో 90 కెప్టెన్‌గా. 1974లో 25,000 పౌండ్లకి ఫుల్హామ్ క్లబ్బుకి మారాడు. ఏడాది తిరిగేసరికి ఆ చిన్న జట్టు ఎఫ్ఏ కప్ ఫైనల్‌కి చేరింది. ఎదురుగా ఎవరో తెలుసా? వెస్ట్‌హామే. 0-2తో ఓడిపోయాడు. ఆ తర్వాత అమెరికాలో కొన్నాళ్లు ఆడి బూట్లు పక్కన పెట్టాడు.

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవాలి. ప్రపంచకప్ గెలిచిన కెప్టెన్, ఆటని అందరికంటే ముందు చదవగలిగిన బుర్ర. రిటైరయ్యాక కోచ్‌గా, మేనేజర్‌గా పెద్ద క్లబ్బులు క్యూ కట్టి ఉండాలి కదా? కట్టలేదు. ఆక్స్‌ఫర్డ్ సిటీ అనే చిన్న నాన్‌లీగ్ జట్టుకి మేనేజర్‌గా చేశాడు. హాంకాంగ్‌లో కొన్నాళ్లు. 1984 నుంచి 1986 దాకా సౌత్ఎండ్ యునైటెడ్‌లో. అవేవీ అతనికి పేరు తేలేదు. అదే ప్రపంచకప్ జట్టులో పక్కనే ఆడిన జాక్ చార్ల్‌టన్ ఐర్లండ్ జట్టుకి మేనేజరై ఆ దేశాన్ని ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. మూర్ పెట్టుబడి పెట్టిన వ్యాపారాలూ దెబ్బతిన్నాయి. ఎందుకిలా? నా మటుకు నాకు కనిపించే కారణం ఒకటుంది. ఆట తెలియడం వేరు, తెలిసినదాన్ని ఇంకొకరికి ఎక్కించడం వేరు. అలిసన్‌కి రెండోది వచ్చు. మూర్‌కి మొదటిది అలవోకగా ఉండేది, పైగా అతను మితభాషి, తనంతట తాను తలుపు తట్టి అడిగే రకం కాదు. అయినా దేశపు ఫుట్‌బాల్ సంఘం అతని అనుభవాన్ని వాడుకోకపోవడం మాత్రం సిగ్గుచేటే.

1981లో పీలే, సిల్వెస్టర్ స్టాలోన్‌లతో కలిసి ఎస్కేప్ టు విక్టరీ అనే సినిమాలో కనిపించాడు. తర్వాత ఓ వారపత్రికకి స్పోర్ట్స్ ఎడిటర్‌గా చేశాడు. లండన్‌లోని క్యాపిటల్ గోల్డ్ రేడియోలో మ్యాచ్ విశ్లేషకుడిగా కుదురుకున్నాడు. మైక్ ముందు కూడా అతనిది అదే తీరు, నాలుగు మాటలు, అవీ అవసరమైనవి.

1991లో పేగు క్యాన్సర్ బయటపడింది. మళ్లీ ఆపరేషన్, మళ్లీ మౌనం. 1993 ఫిబ్రవరి 14న తనకు క్యాన్సర్ అని మొదటిసారి ప్రపంచానికి చెప్పాడు. మూడు రోజుల తర్వాత, 17న, వెంబ్లీలో ఇంగ్లండ్-శాన్ మారినో మ్యాచ్‌కి వ్యాఖ్యాతగా డ్యూటీ ఉంది. వెళ్లాడు, చేశాడు. 24న చనిపోయాడు. వయసు 51. ప్రపంచకప్ గెలిచిన ఆ పదకొండు మందిలో అందరికంటే ముందు వెళ్లిపోయింది అతనే.

అతని పేరు మీద భార్య స్టెఫానీ మొదలుపెట్టిన నిధి పేగు క్యాన్సర్ పరిశోధనకి ఇప్పటికీ డబ్బు సమకూరుస్తోంది. 2007లో కొత్త వెంబ్లీ స్టేడియం ముందు అతని విగ్రహం నిలబెట్టారు. 2008లో వెస్ట్‌హామ్ ఆరో నంబర్ చొక్కాని ఇక ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది.