రాధాకృష్ణ పండితుని చదువు – దాని వెల

మన గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకై ఎవరేని యొక మహనీయుని జీవితమును గూర్చి వ్రాయుమని కార్యనిర్వాహక వర్గమువారు నన్నాదేశించిరి. నేను పండితుడను కాను. జమాఖర్చుల లెక్కలు వ్రాయుట నా వృత్తి. సాయంకాలములందు ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి, నిఘంటువును దాపున నుంచుకొని, భారత భాగవతములను పద్యము వెంట పద్యముగా కూడబలుకుకొని నేర్చినవాడను. నా వ్రాతయందు దోషములున్నచో పెద్దలు మన్నింతురుగాక.

ప్రతి సంవత్సరము పరీక్షాఫలితములు వెలువడిన వెనుక మన యూరి యరుగులమీద ఒకే ప్రశ్న వినబడును. పిల్లవానికి పేరుపొందిన కళాశాలలో చోటు దొరకినది. రుసుము లక్షలలో నున్నది. చెఱువు క్రింది మడిని తనఖా పెట్టి పంపవలయునా, లేక దాపునగల కళాశాలలో చేర్చి తృప్తి పడవలయునా? అట్టి తనఖా పత్రములు రెండు నా చేతితోనే వ్రాసితిని. ఒక కుటుంబము కుమారుని జీతముతో నాలుగేండ్లలో భూమిని విడిపించుకొన్నది. మఱియొక కుటుంబము భూమిని పోగొట్టుకొన్నది. పిల్లవాడు పట్టము చేతబట్టుకొని వచ్చి నేటికిని తగిన కొలువు దొరకక తిరుగుచున్నాడు. ఆ రెండు పత్రముల నకళ్లును నా పెట్టెలో ఒకే దారముతో కట్టబడి యున్నవి. వానిని చూచి ఏది సరియైన త్రోవయో చెప్పుట నాకు సాధ్యము కాలేదు. ఈ యేడు ఆ ప్రశ్న నా యింటికే వచ్చినది. అప్పుడు మన సీమలో పుట్టి, చదువువలననే పైకి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని జీవితమును మరల చదివితిని. ఈసారి దానిని లెక్కలు వ్రాయువాని కంటితో చదివితిని. అందు నాకు కనబడిన దానిని పాఠకులకు నివేదించుచున్నాను.

రాధాకృష్ణన్ 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణియందు జన్మించెను. ఆ యూరు ఆనాడు ఉత్తరార్కాడు జిల్లాలోనిది. పిదప చిత్తూరు జిల్లా ఏర్పడగా అందు చేరి, 1960 ఏప్రిలు 1వ తేదీన సరిహద్దుల సర్దుబాటులో మదరాసు రాష్ట్రమునకు పోయెను. పూర్వుల నివాసము నెల్లూరు సీమలోని సర్వేపల్లి. తండ్రి వీరాస్వామి; తల్లి సీతమ్మ. ఇంటి భాష తెలుగు. తండ్రి జమీందారు కొలువున రెవెన్యూ వ్యవహారములు చూచు చిన్న యుద్యోగి. శిస్తు లెక్కలు చూచు వాని యింటి రాబడి యెంతయుండునో నావంటివానికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఊరివారి వేలు, లక్షలు చేతిమీదుగా పోవుచుండును. ఇంట పండుగనాటి బట్టలకు వెదకికొనవలసి యుండును.

తిరుత్తణిలో అక్షరాభ్యాసము గడచిన వెనుక, 1896లో ఎనిమిదేండ్ల బాలుడు తిరుపతికి వచ్చి, హెర్మన్స్‌బర్గు లూథరన్ మిషను పాఠశాలలో చేరెను. అది జర్మను దేశపు క్రైస్తవ బోధకులు నడపిన పాఠశాల. ఒకవంక కొండపైకి గోవింద నామములతో సాగిపోవు యాత్రికులు. మఱియొకవంక పాఠశాలలో బైబిలు పాఠము. ఆ బాలుని మనస్సున ఈ రెండును ఏకకాలమున నాటుకొన్నవి. నాలుగేండ్లు తిరుపతిలో గడపి, 1900లో వేలూరునకు పోయి, అమెరికను మిషనువారి ఊరీసు కళాశాలలో చేరెను. చదువుచున్న దినములలోనే శివకామమ్మతో వివాహము జరిగెను. పదునాఱేండ్ల ప్రాయమున మదరాసు క్రిస్టియను కళాశాలలో ప్రవేశించెను.

ఆనాడు దక్షిణదేశమున మిక్కిలి పేరుగన్న కళాశాలలలో అది యొకటి. స్కాట్లండు దేశపు ఆచార్యులు దానిని నడపుచుండిరి. ఇప్పుడు తాంబరమున నున్న ఆ కళాశాల 1937 వఱకు పట్టణ మధ్యమున జార్జిటౌనులో నుండెను. తిరుత్తణి నుండి వచ్చిన చిన్న యుద్యోగి కుమారుడు అట్టిచోట ఎట్లు నిలువగలిగెను? విద్యార్థి వేతనములవలన. పాఠశాల మొదలు పట్టము వఱకు ఆయన చదువు విద్యార్థి వేతనముల మీదనే సాగినది. తండ్రి ఆస్తి నమ్మి పంపిన చదువు కాదది. ప్రతి మెట్టునను పరీక్షలో నెగ్గి, తరువాతి మెట్టునకు వలసిన ధనమును తానే సంపాదించుకొనెను.

ఇక శాస్త్రమును ఎంచుకొను ఘట్టము. లోకమంతయు తత్త్వవేత్తయని కొనియాడిన ఈ మహనీయుడు తత్త్వశాస్త్రమును కోరి యెంచుకొనలేదు. అదే కళాశాలలో చదివి పట్టము పొందిన దాయాది యొకడు తన తత్త్వశాస్త్ర పుస్తకములను ఆయనకిచ్చెను. మఱియొక శాస్త్రము తీసికొన్నచో పుస్తకములు కొనవలసి యుండును. ఇవి యూరక వచ్చినవి. అంతటితో నిర్ణయము జరిగిపోయెను. ఆ పుస్తకములు మఱియొక శాస్త్రమునకు సంబంధించినవైనచో ఆ జీవిత మే దారి త్రొక్కియుండెడిదో ఊహింపవచ్చును. కొన్ని రూపాయల వెలగల పాత పుస్తకములు ఒకని బ్రతుకునే మలుపు త్రిప్పినవి.

అట్లైనచో ఆ గొప్ప కళాశాల ఆయనకేమి యిచ్చినది? ఈ ప్రశ్నయే మనకు ముఖ్యము. ఇచ్చినది భవనము కాదు, పేరును కాదు. ఆనాటి మిషను కళాశాలలలోని ఆచార్యులు హిందూమతమును నిష్కర్షగా విమర్శించుచుండిరి. వేదాంతమున నీతికి చోటులేదనియు, జగత్తు మిథ్యయన్నవానికి సత్ప్రవర్తనతో పనిలేదనియు వారి యాక్షేపము. ఇంట నేర్చిన విశ్వాసమునకు తగిలిన ఈ దెబ్బ ఆ విద్యార్థిని కలతపెట్టెను. ఆయన కోపగించి చదువు మానలేదు. తల వంచి యొప్పుకొననూ లేదు. ఆక్షేపమునకు సమాధానము వెదకుటకు పూనుకొనెను. 1907లో బి.ఏ. పట్టము పొంది, ఎం.ఏ. పరీక్షకై వేదాంతమునందలి నీతిధర్మమును గూర్చి యొక వ్యాసము వ్రాసెను. అది 1908లో గ్రంథముగా వెలువడునాటికి ఆయనకు ఇరువదేండ్లు. తన మతమును సమర్థించుచు వ్రాసిన ఆ వ్యాసమును క్రైస్తవ తత్త్వవేత్తయగు ఆచార్య హాగు పరిశీలించి, దానిని మెచ్చుకొనుచు యోగ్యతాపత్రమిచ్చెను. ఎదిరించిన శిష్యుని మెచ్చుకొనగల గురువు దొరకుటయే ఆ కళాశాల ఇచ్చిన నిజమైన లాభమని నా యభిప్రాయము. అట్టి గురువు ఉన్నచోట చదువునకు వెల కట్టుట కష్టము. అట్టి గురువు లేనిచోట ఎంత రుసుము కట్టినను అది భవనములకే చెల్లును.

ఆ కళాశాల ఈయనిది కూడ ఒకటి కలదు. ఆనాటి కళాశాలలలో పాశ్చాత్య తత్త్వశాస్త్రమే ప్రధానముగా బోధింపబడుచుండెను. రాధాకృష్ణన్‌గారు 1909లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయులుగా చేరిన పిమ్మటనే ఉపనిషత్తులను, భగవద్గీతను, బ్రహ్మసూత్రములను, వానిపై శంకర రామానుజ మధ్వుల భాష్యములను నిలిచి చదివిరి. తమకు మిక్కిలి కీర్తి తెచ్చిన విద్యను వారు పట్టము పుచ్చుకొన్న తరువాతనే స్వయముగా ఆర్జించిరి. స్వయముగా చదివికొనువారికి ఇంతకన్న ధైర్యము కలిగించు విషయము వేఱొకటి కలదా?

ఆ తరువాతి చరిత్రము లోకవిదితము గనుక సంగ్రహముగా చెప్పెదను. రాజమహేంద్రవరమునందును కొంతకాలము పనిచేసి, 1918లో మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులైరి. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు పోయిరి. భారతీయ తత్త్వశాస్త్రముపై వారు వ్రాసిన మహాగ్రంథము రెండు సంపుటములుగా 1923లోను, 1927లోను వెలువడెను. వారు చదువుకొనుటకై ఏనాడును విదేశమునకు పోలేదు. మొదటిసారి సముద్రము దాటినది 1926లో. అదియు ఆక్స్‌ఫర్డునందు ఉపన్యసించుటకు. 1936లో అచ్చటనే ప్రాచ్యమతముల ఆచార్యపీఠమును అధిష్ఠించిరి. ఆక్స్‌ఫర్డున ఆచార్యపదవి పొందిన మొదటి భారతీయుడు వారే. తిరుపతి మిషను పాఠశాల బల్లమీద కూర్చున్న బాలుడు, విద్యార్థిగా ఎన్నడును కాలుపెట్టని ఆక్స్‌ఫర్డున గురువై నిలిచెను.

ఇచ్చట మన చిత్తూరునకు చేరువనున్న కట్టమంచిని తలపక పోరాదు. అచ్చట 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారును క్రిస్టియను కళాశాలలోనే చదివి, ప్రభుత్వ విద్యార్థి వేతనముతో ఇంగ్లండునకు పోయి, కేంబ్రిడ్జి సెయింటు జాన్సు కళాశాలలో విద్య నభ్యసించిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైరి. వారు ప్రభుత్వపు అణచివేత విధానమునకు నిరసనగా పదవిని త్యజింపగా, 1931లో ఆ పీఠమును రాధాకృష్ణన్‌గారు అధిష్ఠించిరి. 1936లో వారు ఆక్స్‌ఫర్డునకు పోగా, మరల రెడ్డిగారు వచ్చిరి. ఒకరు కేంబ్రిడ్జిలో చదివినవారు. మఱియొకరు మదరాసు దాటి చదువనివారు. ఇరువురును ఒకే పీఠమును అలంకరించిరి. ఇరువురి జమాఖర్చులోను ఉమ్మడిగా కనబడునది యొక్కటే: విద్యార్థి వేతనము.

ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఉపాధ్యక్షులుగా నున్నప్పుడు రాధాకృష్ణన్‌గారు మొదట వెదకినది గురువులను. హుమాయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ వంటి యువకులను వాల్తేరునకు రప్పించిరి. 1939 నుండి 1948 వఱకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమును నడపిరి. 1948లో స్వతంత్ర భారత ప్రభుత్వము నియమించిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులై, పల్లెవాసులకై గ్రామీణ విశ్వవిద్యాలయములు వెలయవలెనని ఆ సంఘముద్వారా సిఫారసు చేసిరి. సోవియటు దేశమున రాయబారిగాను, 1952 నుండి ఉపరాష్ట్రపతిగాను, 1962 నుండి 1967 వఱకు రాష్ట్రపతిగాను వెలుగొందిరి. 1962 మొదలు వారి జన్మదినము ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపబడుచున్నది. 1975లో తమకు లభించిన టెంపుల్టను బహుమాన ధనమును ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకే దానముచేసి, ఆ సంవత్సరము ఏప్రిలు 17వ తేదీన మదరాసులో పరమపదించిరి. 1989లో ఆక్స్‌ఫర్డున వారి పేర విద్యార్థి వేతనములు ఏర్పడినవి. వేతనములతో చదివిన వాని పేరు వేతనముగా మాఱెను. లెక్కలు వ్రాయువాని భాషలో ఇది అసలు వడ్డీతో కూడ తీరిన ఋణము.

అయినను ఒక సంగతి దాపరికము లేక చెప్పవలెను. ఒక్క రాధాకృష్ణన్‌ను చూపి, అందఱును ఇట్లే పైకి రాగలరనుట న్యాయము కాదు. వారిది చదువు పరంపరగా వచ్చిన కులము. ఆనాడు ఎందఱికో బడి గడప త్రొక్కుటయే దుర్లభము. వేతనము అందక మధ్యలో నిలిచిపోయినవారి చరిత్రలు ఎవరును వ్రాయలేదు. అట్టివారిలో నేనొకడను. నా పదునెనిమిదవ యేట తిరుపతిలో చదువుటకు చోటు దొరకగా, మడి అమ్ముటకు మా నాయన యొప్పుకొనలేదు. ఆయనపై చాల సంవత్సరములు లోలోపల అలిగితిని. ఆ మడి నిలిచినందువలననే మా చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవని లెక్క వ్రాసి చూచుకొన్న దాక నా యలుక తీరలేదు.

కావుననే, ఈ యేడు మా అమ్మాయికి దూరమున ఒక ఖరీదైన కళాశాలలోను, తిరుపతిలో 1954న వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయములోను చోటు దొరకినప్పుడు, నాయనవలె కాదనరాదని మడి అమ్మజూపితిని. వద్దన్నది అమ్మాయియే. తరువాత ఇరువురమును రెండుచోట్లకును పోయి, భవనములను గాక బోధించువారిని గూర్చి విచారించితిమి. గురువులు విద్యార్థుల వ్రాతలను చదివి తిరిగి ఇత్తురా, గ్రంథాలయము ఎంతసేపు తెఱచియుండును, వేతనము ఏ షరతులతో దొరకును, అప్పు చేసినచో చదువు మధ్యలో ఆగినను తీర్చు దారి కలదా అని అడిగితిమి. ఖరీదైన చోట గురువులను గూర్చిన ప్రశ్నకు ప్రత్యుత్తరము రాలేదు. అమ్మాయి తిరుపతిలో చేరినది. ఆ నిర్ణయము సరియైనదని నేను ప్రమాణము చేయలేను. అది కాలము తేల్చవలసిన పద్దు. గురువు నిజముగా గొప్పవాడైన చోట ఆ ప్రశ్నకు మఱియొక సమాధానము రావచ్చును. అప్పుడు మడి తాకట్టు పెట్టినను తప్పు కాదని ఇప్పటికిని నా నమ్మకము. మడి మొత్తముగా పోవునట్లు మాత్రము పెట్టరాదు.

చివరకు మన గ్రంథాలయమును గూర్చి యొక మాట. తిరుత్తణి బాలునకు దాయాది యొకడు పుస్తకములు చేతబెట్టెను. మన యూరి పిల్లలలో అట్టి దాయాది లేనివారు చాలమంది. వారికి ఈ గ్రంథాలయమే ఆ దాయాది. కావున చందాదారులకు నా విన్నపము: పరీక్ష గడచిన వెంటనే మీ బిడ్డల పాఠ్యపుస్తకములను తూకమునకు వేయక ఇచ్చటికి తెచ్చి యిండు. వానికై ఒక బీరువాను ప్రత్యేకించుటకు కార్యనిర్వాహకులు సమ్మతించినారు. మొదటి వరుసలో మా అమ్మాయి పుస్తకములు పదునొకండు చేరినవి. వానిని ఎవరు తీసికొనిపోవుదురో, అవి వారి నే దారి పట్టించునో మనకు తెలియదు. ఈ పుస్తకాలయము ఇట్లే వర్ధిల్లుగాక!